మూడువేల అడుగుల గుండు

1915వ సంవత్సరంలో అమెరికాలోని సావేజ్ ఆయుధ కంపెనీ వేటగాళ్ళకోసం ఒక కొత్త తూటాను అమ్మకానికి పెట్టినది. గొట్టపు రంధ్రం ఎంత వెడల్పో, తయారు చేసినవారు ఎవరో తెలిసేటట్లు తూటాకు పేరు పెట్టటం అంతవరకు వాడుక. ఈ తూటా పేరులో మాత్రం ఒక కొత్త అంకె చేరినది. దానికి ‘250-3000’ అని పేరు పెట్టారు. మొదటి అంకె గొట్టపు రంధ్రం అంగుళంలో వెయ్యింట 250 వంతులని తెలుపుతుంది. రెండవ అంకె వేగం. గొట్టం మూతి దాటేటప్పుడు గుండు సెకనుకు 3,000 అడుగులు, అనగా 914 మీటర్లు పోతుందని దాని భావం. అమెరికా అంగళ్ళలో అంతకు ముందు దొరికిన ఏ తూటాకూ అంత వేగం లేదు.

ఈ తూటాను రూపొందించినవాడు చార్లెస్ న్యూటన్. వృత్తిచేత న్యాయవాది. ఆయన దీనికి 100 గ్రెయిన్ల గుండు తగినదని నిర్ణయించాడు. గ్రెయిను అంటే ఒకప్పుడు యవగింజ ఎత్తు. మన పాత తులానికి సరిగా 180 గ్రెయిన్లు. అయితే 100 గ్రెయిన్ల గుండును ఆనాటి మందుతో సెకనుకు 2,800 అడుగులకంటె ఎంతో ఎక్కువగా తరమటం సాధ్యం కాలేదు. కంపెనీ వారికి 3,000 అనే అంకె కావలసివచ్చినది. అందుచేత గుండును 87 గ్రెయిన్లకు, అనగా అర తులానికి కొంచెం తక్కువకు దించారు. ఆ అంకె దక్కినది; తూటా పేరులోకి ఎక్కినది.

పదమూడు గ్రెయిన్ల బరువు వదులుకొని రెండువందల అడుగుల వేగం కొన్నారన్నమాట. ఈ బేరం లాభమా, నష్టమా? ఇది కేవలం లెక్కల ప్రశ్న కాదు. ఒక ప్రక్క గాయపడి అడవిలోకి పారిపోయే జంతువు బాధ ఉన్నది; మరొక ప్రక్క వేటగాని ప్రాణమే ఉన్నది. దీనికి సమాధానం చెప్పుకోవాలంటే గుండు వేగం కథను మొదటినుండి చూడాలి.

వేగాన్ని తూచిన లోలకం

ముందుగా రెండు మాటల అర్థం తేల్చుకోవాలి. తూటా అంటే మొత్తం కట్టు: ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రగిలించే కేపు, లోపల మందు, మూతిన గుండు. గుండు అంటే ఎగిరిపోయే లోహపు ముక్క మాత్రమే.

తుపాకి పుట్టిన తరువాత కొన్ని వందల ఏండ్ల వరకు గుండు ఎంత వేగంతో పోతున్నదో ఎవరికీ తెలియదు. కంటికి కనిపించనిదానిని కొలవటం ఎట్లా? ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ అనే గణితజ్ఞుడు 1742లో ప్రచురించిన గ్రంథంలో దీనికొక ఉపాయం చూపాడు. బరువైన దిమ్మెను లోలకంలాగా వ్రేలాడదీసి దానిలోకి గుండును కాల్చాడు. గుండు దిమ్మెలో దిగబడి, రెండూ కలిసి కదులుతవి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం ఈ తాకిడిలో మారదు. కాబట్టి దిమ్మె ఎంత ఊగినదో కొలిస్తే గుండు వేగం తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 5 గ్రాముల గుండు సెకనుకు 500 మీటర్ల వేగంతో 25 కిలోగ్రాముల దిమ్మెలో దిగినదనుకుందాం. దిమ్మె, గుండుకంటె 5,000 రెట్లు బరువు. కాబట్టి దిమ్మె వేగం దాదాపు 5,000వ వంతు, అనగా సెకనుకు 10 సెంటీమీటర్లు అవుతుంది. ఆ దిమ్మెను రెండు మీటర్ల తాటికి వ్రేలాడదీస్తే అది సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు వెనుకకు ఊగుతుంది. సామాన్యమైన కొలబద్దతో కొలవదగిన దూరం. కంటికి అందని వేగం ఈ విధంగా చేతికి అందినది.

రాబిన్స్ ఆనాటి సిపాయి తుపాకి గుండుకు సెకనుకు దాదాపు 1,670 అడుగుల వేగం ఉన్నదని లెక్కగట్టాడు. లోలకాన్ని దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి ఉంచి చూడగా మరొక విశేషం బయటపడినది. దారిలో గుండు తన వేగాన్ని ఎంతో కోల్పోతున్నది. అంత వేగంలో గాలి చూపే నిరోధం గుండు బరువుకు నూరు రెట్లను మించిపోతున్నది! గాలి పలుచనిది, దానిని లెక్కచేయనక్కరలేదని అంతవరకు ఫిరంగి శాస్త్రజ్ఞులలో చాలామంది అనుకునేవారు. ఈ గ్రంథాన్ని మహాగణితజ్ఞుడు ఆయిలర్ 1745లో తన వ్యాఖ్యతో సహా జర్మన్ భాషలోకి తెచ్చాడు.

రాబిన్స్ చివరి రోజులు మన దక్షిణదేశంలోనే గడిచినవి. ఈస్టిండియా కంపెనీవారు తమ కోటలను బలపరచటానికి ఆయనను ఇంజనీరుగా పంపారు. కడలూరు దగ్గరనున్న సెయింట్ డేవిడ్ కోటలో 1751లో ఆయన మరణించాడు.

తరువాతి శతాబ్దంలో బెల్జియం సైనికాధికారి లె బూలాంజే ఇంకొక పరికరం కల్పించాడు. గుండు మొదటి తీగను తెంచగానే ఒక విద్యుదయస్కాంతం పట్టు వదలి, పొడవైన కడ్డీ క్రిందికి పడటం మొదలుపెడుతుంది. రెండవ తీగ తెగగానే ఒక కత్తి విడుదలై, పడుతున్న కడ్డీమీద గాటు పెడుతుంది. కడ్డీ ఎంత దూరం పడినదో ఆ గాటు చెబుతుంది. స్వేచ్ఛాపతన సూత్రం ప్రకారం దానినుండి కాలం, కాలంనుండి గుండు వేగం తెలుస్తవి. వేగాన్ని అంకెగా చెప్పటానికి వీలు కలిగిన తరువాతనే ఆ అంకెకోసం పోటీ మొదలైనది.

నల్లమందు హద్దు

సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందుతో గుండును ఇష్టం వచ్చినంత వేగంగా తరమటానికి వీలులేదు. కాలిన మందులో సగానికి పైగా వాయువు కాక పొగగాను, మసిగాను మిగిలిపోతుంది. గుండును తోసేది వాయువే కాబట్టి ఆ మేరకు మందు వృథా. పైగా మసి గొట్టంలో పేరుకుంటుంది.

రైఫిలు గొట్టంలోపల మరచుట్టుగా చాళ్ళు ఉంటవి. ఆ చాళ్ళను పట్టుకొని పోవటంవల్ల గుండు బొంగరంలాగా గిర్రున తిరుగుతూ తలక్రిందులు కాకుండా పోతుంది. వేగం మరీ పెరిగితే మెత్తని సీసం చాళ్ళను పట్టుకోలేక చీరుకుపోయి, తిరగకుండానే జారిపోతుంది. ఇది రెండవ చిక్కు.

ఈ హద్దులలోనే వేగం పెంచటానికి లండనులోని పర్డీ కంపెనీవారు 1856లో ఒక మార్గం త్రొక్కారు. గుండును తేలిక చేసి, మందును పెంచారు. ఆ రోజులలో వేగానికి మారుపేరు రైలుబండి. కాబట్టి ఆ రైఫిలుకు ఎక్స్‌ప్రెస్ రైలు పేరు పెట్టారు. ‘ఎక్స్‌ప్రెస్ రైఫిలు’ అనే మాట అట్లా పుట్టినదే. తేలిక కావటానికి గుండు మూతిలో గుంట తొలిచేవారు. లేళ్ళవంటి సన్నజంతువుల మీద ఇది చక్కగా పనిచేసినది. పెద్ద జంతువుల మీద మాత్రం బోలుగుండు పైపైనే చితికి ముక్కలయ్యేది. సింహళంలోను, ఆఫ్రికాలోను, మన దేశంలోను వేటాడిన శామ్యూల్ బేకర్ 1890లో వెలువడిన తన పుస్తకంలో బోలుగుండ్లను గట్టిగా ఖండించి, బరువైన గట్టి సీసపు గుండే నమ్మదగినదన్నాడు. ఆ హెచ్చరిక త్వరలోనే మరుగున పడిపోయినది. కారణం, అప్పటికే రసాయనశాస్త్రం కొత్త మందును చేతికి ఇచ్చినది.

పొగలేని మందు, రాగి తొడుగు

1884లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ వియెయ్ పొగలేని మందును తయారు చేశాడు. దూదిని నత్రికామ్లంతోను, గంధకామ్లంతోను చర్య జరిపిస్తే నైట్రోసెల్యులోజు వస్తుంది. అది ఉన్నపళంగా ప్రేలిపోయే పదార్థం. వియెయ్ దానిని ఈథరు, ఆల్కహాలులలో నానబెట్టి, ముద్దచేసి, రేకులుగా ఒత్తి, చిన్న చిన్న పలుకులుగా కోశాడు. అప్పుడది భళ్ళున ప్రేలక పొరలు పొరలుగా, క్రమంగా కాలినది. దాదాపు అంతా వాయువుగా మారినది. పలుకుల ఆకారాన్ని, మందాన్ని మార్చి కాలే తీరును అదుపులో పెట్టవచ్చును. 1886లో ఫ్రెంచి సైన్యం ఈ మందుతో లెబెల్ రైఫిలును ప్రవేశపెట్టగా గుండు వేగం సెకనుకు 2,000 అడుగులు దాటినది.

సీసం చాళ్ళను పట్టుకోలేకపోవటమనే రెండవ చిక్కును స్విట్జర్లండు సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1882లోనే తీర్చాడు. సీసపు గుండుకు రాగి తొడుగు తొడిగాడు. తొడుగు చాళ్ళను గట్టిగా పట్టుకుంటుంది. సీసం లోపల భద్రంగా ఉండి బరువునిస్తుంది.

ఇక మిగిలినది రాబిన్స్ చూపిన శత్రువు, గాలి. 1898లో ఫ్రెంచివారు, 1905లో జర్మనులు మొద్దుమూతి గుండును విడిచి వాడిమూతి గుండును చేపట్టారు. జర్మనులు 14.7 గ్రాముల పాతగుండు స్థానంలో 10 గ్రాముల గుండు పెట్టి, వేగాన్ని సెకనుకు ఆరువందల పైచిలుకు మీటర్లనుండి 850 మీటర్ల పైకి తీసుకుపోయారు. మరుసటి ఏడు అమెరికా సైన్యం అదే దారి పట్టినది. సైన్యంలో వచ్చిన ప్రతి మార్పూ కొద్ది ఏండ్లలో వేట తూటాలోకి దిగినది.

వేటగానికి వేగం ఎందుకు?

గొట్టం విడిచిన మరుక్షణంనుండి గుండు భూమివైపు పడుతూనే ఉంటుంది. ఎంత పడుతుందన్నది ప్రయాణకాలాన్ని బట్టి ఉంటుంది. 180 మీటర్ల దూరంలో ఒక జింక ఉన్నదనుకుందాం. గాలిని ప్రస్తుతానికి లెక్కలోకి తీసుకోకపోతే, సెకనుకు 400 మీటర్లు పోయే నల్లమందు గుండుకు ఆ దూరం 0.45 సెకను. ఆలోగా అది దాదాపు ఒక మీటరు క్రిందికి పడుతుంది. సెకనుకు 900 మీటర్లు పోయే గుండుకు 0.2 సెకను చాలును. అది పడేది 20 సెంటీమీటర్లు మాత్రమే. వేగం రెండుంబాతిక రెట్లయితే, పడే దూరం అయిదవ వంతైనది. కాలం వర్గాన్ని బట్టి పతనం ఉండటమే దీనికి కారణం.

మైదానాలలోను, కొండవాలులలోను దూరాన్ని కంటితో అంచనా కట్టటం కష్టం. 150 మీటర్లను 200 అనుకుంటే నల్లమందు గుండు జంతువు వీపు మీదుగా పోతుంది. ఉన్న దూరాన్ని తక్కువ అనుకుంటే కాలు విరగ్గొడుతుంది. కాలు విరిగిన జంతువు ఎక్కడికో ఈడ్చుకుపోయి దినాల తరబడి బాధపడి చస్తుంది. వేగమైన గుండు ఇటువంటి పొరపాటును చాలావరకు క్షమిస్తుంది. కాబట్టి వేగంమీద మోజు కేవలం గొప్పకోసం పుట్టినది కాదు. దానిలో నిజమైన మేలు ఉన్నది. ఆ మేలు గుండు చర్మాన్ని తాకేవరకు. తాకిన తరువాత కథ వేరు.

తాకిన తరువాత

1870-71 ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధంలో కొన్ని గాయాలు గుండు లావుతో పోలిస్తే చాలా పెద్దవిగా కనిపించినవి. ప్రేలే గుండ్లను చిన్న తుపాకులలో వాడరాదని 1868లో రాజ్యాలు ఒప్పందం చేసుకొన్నవి. దానిని మీరారని ఒకరినొకరు నిందించుకున్నారు. గుండు తనతో మోసుకువచ్చే గాలియే లోపల ప్రేలుడువంటి ఫలితం కలిగిస్తున్నదేమోనని మరొక ఊహ బయలుదేరినది. ఈ ఊహతో ఆసక్తి కలిగి ఎర్నెస్ట్ మాక్, పీటర్ సాల్కర్ కలిసి 1886లో ఎగిరే గుండును విద్యుత్ మెరుపు వెలుగులో ఫొటో తీశారు. ధ్వనికంటె వేగంగా పోయే గుండు ముందు పడవ ముందరి అలవంటి గాలి అల ఆ చిత్రాలలో స్పష్టంగా కనిపించినది. నేడు ధ్వనివేగంతో పోల్చి చెప్పే ‘మాక్ సంఖ్య’ ఆయన పేరుమీదనే ఏర్పడినది. 3,000 అడుగుల గుండు వేగం మాక్ 2.6కు పైమాటే.

గాయం పెద్దది కావటానికి కారణం గాలి కాదని తరువాత తేలినది. శరీరంలో అధికభాగం నీరు. వేగంగా దూరిన గుండు చుట్టూ ఉన్న కండను ప్రక్కలకు విసిరినట్లు నెట్టుతుంది. క్షణకాలం పెద్ద బిలం ఏర్పడి మళ్ళీ మూసుకుంటుంది. గుండు మూతి వెడల్పయితే ఈ నెట్టుడు మరీ ఎక్కువ.

మూతిని వెడల్పు చేసే పని మన దేశంలోనే సైన్యం చేతిలో జరిగినది. పూర్తి తొడుగున్న సన్నగుండు శత్రువును ఆపటంలేదని వాయవ్య సరిహద్దు యుద్ధాలనుండి ఫిర్యాదులు రాగా, కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధశాలలో 1890 ప్రాంతపు దశాబ్దంలో గుండు కొనమీద తొడుగు తీసి సీసాన్ని బయటకు కనబడనిచ్చారు. తాకగానే సీసపు కొన పుట్టగొడుగులాగా విచ్చుకునేది. 1899 హేగ్ సమావేశం ఇటువంటి గుండ్లను యుద్ధంలో నిషేధించినది.

వేటలో నీతి దీనికి తలక్రిందులు. జంతువును గాయపరచి వదలటం క్రూరం. చంపితే వెంటనే చంపాలి. కాబట్టి విచ్చుకునే గుండే వేటకు తగినదన్నారు. వేట గుండు రెండు పనులు చేయాలి: విచ్చుకోవాలి, లోతుకు పోవాలి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఎక్కువ విచ్చుకుంటే లోతుకు పోదు. వేగం ఎంత పెరిగితే తాకిడి అంత తీవ్రమై, గుండు విచ్చుకోవటానికి మారుగా ముక్కలైపోతుంది.

ఒక సింహం, వెయ్యి ఏనుగులు

1907 ప్రాంతంలో సర్ చార్లెస్ రాస్ కెనడాలో తయారు చేయించిన రైఫిలుకు ‘280 రాస్’ అనే తూటా వచ్చినది. సుమారు 145 గ్రెయిన్ల గుండు, వేగం దాదాపు 3,000 అడుగులు. ఆ కాలానికి అది అద్భుతం. లేళ్ళ వేటలో దానికి మంచి పేరు వచ్చినది.

1911లో జార్జి గ్రే అనే అనుభవజ్ఞుడైన వేటగాడు ఈ రైఫిలుతో తూర్పు ఆఫ్రికాలో, నేటి కెన్యాలో, సింహాన్ని ఎదుర్కొన్నాడు. బ్రిటిష్ విదేశాంగమంత్రి ఎడ్వర్డ్ గ్రేకు ఆయన సోదరుడు. మీదికి వస్తున్న సింహాన్ని దగ్గరనుండి కొట్టాడు, గుండు తగిలినది, సింహం ఆగలేదు. ఆ గాయాలతోనే ఆయన మరణించాడు. వేగంగా పోయే ఆ తేలిక గుండు దగ్గరి దూరంలో కండ పైపొరలలోనే చెదిరిపోయి, లోతుకు పోలేకపోయినదని ఆనాటి వేటగాళ్ళు నిర్ణయానికి వచ్చారు.

అదే ఆఫ్రికాలో అదే కాలంలో స్కాట్లండువాడైన బెల్ అనే దంతపు వేటగాడు ఏనుగులను కొడుతున్నాడు. ఎక్కువగా వాడినది 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటా. 173 గ్రెయిన్ల పొడవైన గుండు, కొనవరకు పూర్తి తొడుగు, వేగం 2,300 అడుగులు మాత్రమే. జీవితకాలంలో ఆయన చంపిన ఏనుగులు వెయ్యికి పైన. ఆ సంఖ్య నేడు వింటే మనస్సు చివుక్కుమంటుంది. కాని పరిశీలనలో ఆయన శ్రద్ధ గమనించదగినది. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి, మెదడు ఏ కోణంనుండి చూస్తే ఎక్కడ ఉంటుందో నేర్చుకున్నాడు. విచ్చుకోని గట్టిగుండు తిన్నగా ఎముకలో దూరి అక్కడికి చేరేది.

ఇప్పుడు గతిశక్తి లెక్క చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిశక్తి వస్తుంది. బెల్ గుండుకు సుమారు 2,750 జౌళ్ళు. రాస్ గుండుకు అంతకు కనీసం మూడోవంతు ఎక్కువ. ఎక్కువ శక్తి ఉన్నది సింహాన్ని ఆపలేదు. తక్కువ శక్తి ఉన్నది ఏనుగును పడగొట్టినది. శక్తి ఎంత ఉన్నదన్నది ఒక సంగతి, ఎక్కడ ఖర్చయినదన్నది మరొక సంగతి. రాస్ గుండు తన శక్తిని భుజం కండలో ఖర్చుపెట్టినది. బెల్ గుండు మెదడువరకు దాచుకున్నది.

న్యూటన్ గుండు, కంపెనీ గుండు

ఈ వెలుగులో మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చును. 1912లో న్యూటన్ రూపొందించగా సావేజ్ వారు అమ్మిన మరొక తూటా ఉన్నది. దాని గుండు 70 గ్రెయిన్లు, వేగం 2,800 అడుగులు. చైనాలో ఉండిన హారీ కాల్డ్‌వెల్ అనే క్రైస్తవ బోధకుడు అంత చిన్న గుండుతో పులిని చంపగా, ఆ వార్త రైఫిలుకు ఎంతో పేరు తెచ్చినది. గురి తప్పని ఒక మనిషికి సాధ్యమైనది అందరికీ సాధ్యమని అనుకోవటం సులభం. మూడేండ్ల తరువాత 250-3000 వచ్చేనాటికి వేగమే సర్వస్వమనే నమ్మకం బలపడి ఉన్నది.

కంపెనీ గుండు 87 గ్రెయిన్లు, 5.64 గ్రాములు, వేగం 914 మీటర్లు. గతిశక్తి సుమారు 2,355 జౌళ్ళు. న్యూటన్ కోరిన గుండు 100 గ్రెయిన్లు, 6.48 గ్రాములు, వేగం 2,800 అడుగులు, అనగా 853 మీటర్లు. గతిశక్తి సుమారు 2,357 జౌళ్ళు. రెండూ ఒక్కటే! ద్రవ్యవేగంలో బరువు గుండే ఏడు శాతం ముందున్నది.

గాలిలో తేడా ఇంకా ఎక్కువ. రెండు గుండ్ల లావూ ఒకటే కాబట్టి గాలి నిరోధం సుమారుగా వేగం వర్గాన్ని అనుసరిస్తుందనుకుంటే, మొదట 3,000 అడుగుల గుండుమీద నిరోధం 15 శాతం ఎక్కువ. దాని బరువు తక్కువ కావటంచేత అదే నిరోధానికి అది 15 శాతం ఎక్కువ మందగిస్తుంది. రెండూ కలిసి, కంపెనీ గుండు మూతి దాటిన వెంటనే న్యూటన్ గుండుకంటె దాదాపు మూడోవంతు ఎక్కువ చొప్పున వేగం కోల్పోతుంది. డబ్బు ఎక్కువగా సంపాదించి అంతకంటె త్వరగా ఖర్చుచేసే వానివంటిది అది. 3,000 అనే అంకె గొట్టం మూతి దగ్గరి అంకె. జంతువు నిలబడేది గొట్టం మూతి దగ్గర కాదు.

అయినా ఆ తూటాను పనికిరానిదనటం న్యాయం కాదు. తక్కువ తన్నుతో, చదునైన దారిలో, చిన్న జింకలకు అది చక్కగా పనిచేసినది. తరువాతి కాలంలో 100 గ్రెయిన్ల గుండుతో కూడా ఆ తూటా అమ్మకానికి వచ్చినది. పేరులో మాత్రం పాత అంకె నిలిచిపోయినది.

మధ్యలో గోడ

రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి కాలిఫోర్నియాలో రాయ్ వెదర్బీ మరింత మందుపట్టే తూటాలు చేసి, 3,000 అడుగుల హద్దును అవలీలగా దాటాడు. తేలిక గుండును అతివేగంగా తరిమితే ఆ అదురుకే జంతువు పడిపోతుందని ఆయన వాదం. కాని ఆనాటి గుండ్లు అంత వేగానికి చేసినవి కావు.

1946లో జాన్ నోస్లర్ అనే అమెరికన్ కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్ అనే పెద్ద దుప్పిని వేటాడాడు. అది బురదలో పొర్లి వచ్చినది. ఒంటిమీద ఎండిన మట్టి, దాని క్రింద మందమైన చర్మం, కండ. ఆయన శక్తివంతమైన తూటాలనే వాడాడు. దగ్గరి దూరంలో గుండ్లు పైననే చితికిపోయి, జంతువు తేలికగా పడలేదు. లోపం వేగంలో లేదు, గుండు కట్టడంలో ఉన్నదని ఆయన గ్రహించాడు. మరొకడైతే ఇంకా పెద్ద రైఫిలు కొని ఉండేవాడు. ఆయన గుండును మార్చాడు.

ఆయన రాగి తొడుగుకు మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. గోడకు ముందు ఒక సీసపు ముద్ద, వెనుక మరొకటి. ముందు భాగం తాకగానే విచ్చుకుంటుంది. విచ్చుకోవటం గోడవద్ద ఆగిపోతుంది. వెనుక భాగం చెదరకుండా లోతుకు పోతుంది. విచ్చుకోవటం, లోతుకు పోవటం అనే పరస్పర విరుద్ధమైన పనులను ఒకే గుండులోని రెండు భాగాలకు పంచిపెట్టటమే ఇందులోని కిటుకు. 1948నాటికి ఈ గుండ్లు అమ్మకానికి వచ్చినవి. బేకర్ హెచ్చరికకు సుమారు అరవై ఏండ్లకు సరియైన సమాధానం దొరికినది.

ఎంపికలో వరుస

ఈ చరిత్రంతా వేటగానికి నేర్పినది ఒక వరుసక్రమం. మొదట జంతువు: దాని బరువు, ఎముక, చర్మం. తరువాత దూరం. ఆ రెంటినిబట్టి గుండు కట్టడం, ఆపైన గుండు బరువు. చివరకు ఆ గుండుకు సరిపడే వేగం. అంగడిలో తూటాపెట్టె మీది పెద్ద అక్షరాలు ఈ వరుసను తలక్రిందులు చేసి, వేగాన్ని ముందు చూపుతవి.

వేగానికి వెల కూడా ఉన్నది. మందు పెరిగినకొద్దీ భుజానికి తగిలే తన్ను పెరుగుతుంది. తన్నుకు జంకి కన్ను మూసినవాని గురి తప్పుతుంది. ఇరుకు గొట్టంలో ఎక్కువ మందు కాలితే ఆ వేడివాయువులు చాళ్ళ మొదలును త్వరగా తినివేస్తవి.

స్కాట్లండులో 1985నాటి నిబంధన ఈ అనుభవాన్ని చట్టంగా మార్చినది. ఎర్రదుప్పివంటి పెద్ద జంతువులకు గుండు 100 గ్రెయిన్లకు తగ్గరాదు. వేగం 2,450 అడుగులకు తగ్గరాదు. గతిశక్తి 1,750 అడుగు-పౌండ్లకు తగ్గరాదు. గుండు విచ్చుకునేదై ఉండాలి. వేగం ఒక్కటే చాలదనటానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. 1915నాటి 87 గ్రెయిన్ల గుండు ఈ పరీక్షకు నిలవదు. వేగం కావలసినదానికంటె 550 అడుగులు ఎక్కువే ఉన్నా, బరువు చాలదు. గతిశక్తి కూడా 1,740 అడుగు-పౌండ్ల దగ్గర, వెంట్రుకవాసిలో ఆగిపోతుంది.

కథ మళ్ళీ మొదలు

అతివేగపు సీసపు గుండు చెదిరినప్పుడు సన్నని సీసపు తునకలు మాంసమంతా చిమ్ముతవి. వదిలివేసిన కళేబరాలను తిన్న కాండర్ అనే పెద్ద రాబందులు సీసం విషంచేత చనిపోతున్నట్లు కాలిఫోర్నియాలో తేలినది. 2019 జూలై 1నుండి ఆ రాష్ట్రంలో వేటకు సీసపు గుండ్లు పూర్తిగా నిషేధింపబడినవి. పూర్తిగా రాగితో చేసిన గుండును అమెరికాలోని బార్న్స్ సంస్థ 1989లోనే తెచ్చినది.

సీసం సాంద్రత 11.3, రాగి సాంద్రత 8.96. అదే పరిమాణంలో రాగి గుండు అయిదో వంతు తేలిక. తేలిక గుండు విచ్చుకోవటానికి తగినంత వేగం కావాలి. అయితే రాగి చెదరదు కాబట్టి తేలికైనా లోతుకు పోతుంది. దీనిని గుర్తించి స్కాట్లండులో 2023లో 100 గ్రెయిన్ల కనీసపు బరువును 80కి తగ్గించారు. గుండు పదార్థం మారగానే బరువుకు, వేగానికి నడుమ బేరం మారినది. 1915లో 87 గ్రెయిన్ల సీసపు గుండు తొందరపాటు. నేడు అంతే బరువున్న రాగి గుండు, కావలసిన శక్తి కూడా ఉంటే, అంగీకారయోగ్యం.

మన దేశంలో 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోను, 1991లో దానికి చేసిన సవరణతోను వినోదపు వేటకు తెరపడినది. ఇక్కడి విద్యార్థికి ఈ కథలో మిగిలేది రైఫిలు కాదు, లోలకపు దిమ్మె. ఒక తాడు, ఒక దిమ్మె, ఒక కొలబద్దతో రాబిన్స్ వేగాన్ని కొలిచాడు. ఆ వేగం తోవలో తరిగిపోతుందని కూడా ఆయనే చూపాడు. నూటడెబ్బది ఏండ్ల తరువాత తూటాకు 3,000 అని పేరు పెట్టినవారు ఆయన చూపిన మొదటి సంగతిని తీసుకొని, రెండవదానిని పెట్టెమీద వ్రాయలేదు.